శాతం పింఛనుకి, చదువుకి కాదు

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో చెవిటికల్లు గ్రామ సమాఖ్య తరఫున ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



మాది కంచికచర్ల మండలం చెవిటికల్లు. నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి మాట్లాడమంటే కాగితం లేకుండా మాట్లాడతాను. ఈ రోజు మాట్లాడేది అప్పుల సంగతి కాదు, పిల్లల సంగతి. తప్పు చెప్పకూడదని రాసుకొచ్చాను. చూసి చదువుతున్నానని ఏమీ అనుకోకండి.

మా ఊరి పేరు చెప్పగానే బస్సులో కొంతమంది నవ్వుతారు. అందులో చెవిటి అనే మాట ఉంది కదా. నేనూ వాళ్ళతోపాటు నవ్వేదాన్ని. మా చిన్నమ్మాయికి సరిగా వినపడదని తెలిసిన రోజు నుంచి నాకు ఆ నవ్వు రావడం లేదు.

మా పాపకి మాటలు ఆలస్యంగా వచ్చాయి. మా అత్తయ్య, "వాళ్ళ నాన్నకీ అంతే, నాలుగేళ్ళకి గానీ నోరు విప్పలేదు" అంది. నేను నమ్మాను. కుక్కర్ విజిల్ వేస్తే తిరిగి చూసేది. దీపావళికి టపాకాయ పేలితే ఉలిక్కిపడేది. ఇంక చెవి బాగున్నట్టే అనుకున్నాం. బళ్ళో వేశాం. ఒకటో తరగతి అయిపోయింది, రెండులోకి వచ్చింది. డిక్టేషన్ చెబితే సగం అక్షరాలు తప్పులు. "వెనక బెంచీలో కూర్చుని దిక్కులు చూస్తుందమ్మా, శ్రద్ధ లేదు" అన్నారు. ఇంటికొచ్చి నేను కూడా శ్రద్ధ లేదనే తిట్టాను.

ఒకరోజు రాత్రి కరెంటు పోయింది. చీకట్లో, "నీళ్ళు తీసుకురావే" అన్నాను. పలకలేదు. రెండుసార్లు, మూడుసార్లు అన్నాను. అప్పుడూ పలకలేదు. పొద్దుటి నుంచి మిరపకాయ కోతకి వెళ్ళి వచ్చిన ఒళ్ళు. మొండితనం అనుకుని చెయ్యి చేసుకున్నాను. కాసేపటికి కరెంటు వచ్చింది. పిల్ల ఏడుస్తా నా ముఖం వంక చూస్తోంది. అదే మాట మళ్ళీ అన్నాను. లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

అప్పుడు నాకు అర్థమైంది. ఆ పిల్ల ఇన్నాళ్ళూ నా మాట వినట్లేదు, నా పెదాలు చూస్తోంది. చీకట్లో పెదాలు కనపడవు. బళ్ళో టీచరు బోర్డు వైపు తిరిగి చెబితే పెదాలు కనపడవు. దెబ్బ కొట్టిన చెయ్యి నాది. ఇన్నేళ్ళయినా ఆ రాత్రి గుర్తొస్తే నాకు ముద్ద దిగదు.

ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళాం. చెవి పరీక్ష చేశారు. సచివాలయంలో సదరం స్లాట్ పెట్టించుకుని క్యాంపుకి వెళ్ళాం. కాగితం మీద 33 శాతం అని వచ్చింది. అక్కడ ఒకాయన, "40 రాలేదమ్మా, ఇంక మీకు ఏమీ రాదు" అన్నాడు. ఏమీ రాదు అంటే నిజంగానే ఏమీ రాదనుకున్నాను. కాగితం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టాను. రెండేళ్ళు అక్కడే ఉంది.

ఇప్పుడు ఇంకో ఇంటి సంగతి చెబుతాను. మా సంఘంలోనే నాకు అక్క వరస అయ్యే ఒకామె ఉంది. వాళ్ళ అబ్బాయికి పుట్టినప్పుడే సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళు చేతులు బిగుసుకుపోతాయి, మాట స్పష్టంగా రాదు. సర్టిఫికెట్‌లో 80 దాటింది. పింఛను వస్తోంది. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 అయింది కదా, ఆ ఇంటికి అది పెద్ద ఆధారం. బాబుని బడికి పంపవా అక్కా అని ఒకసారి అడిగాను. "పింఛను ఇస్తున్నారంటేనే వాడు బడికి పనికిరాడని రాసిచ్చినట్టు కదే" అంది. ఆమె కూడా నిజంగానే అలా అనుకుంది.

అక్కచెల్లెళ్ళూ, ఒక్కసారి ఆలోచించండి. ఆమెకి శాతం వచ్చింది, కాబట్టి చదువు వద్దనుకుంది. నాకు శాతం రాలేదు, కాబట్టి చదువులో సాయం రాదనుకున్నాను. ఇద్దరం ఒకే తప్పు చేశాం. శాతానికీ చదువుకీ ముడి పెట్టాం. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే. శాతం చూసేది పింఛనుకి. చదువుకి చూడాల్సింది పిల్లకి ఏం అవసరమో.

ఇది నాకు చెప్పింది భవిత కేంద్రం టీచరమ్మ. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో సమగ్ర శిక్ష కింద నడిచే కేంద్రాలే భవిత కేంద్రాలు. అక్కడ పనిచేసే టీచర్లను ఐఈఆర్‌టీలు అంటారు. మా బడికి పిల్లల వివరాలు రాసుకోవడానికి వచ్చినప్పుడు నేను మధ్యాహ్న భోజనం దగ్గర ఉన్నాను. మా పాప కాగితం సంగతి చెప్పాను. ఆమె, "అమ్మా, మీకు పింఛను రాదన్నారు, చదువు చెప్పకూడదని ఎవరూ అనలేదు" అంది. ఆ రోజు కూర్చుని అడిగి తెలుసుకున్నవి, తర్వాత చదివి తెలుసుకున్నవి మీకు చెబుతాను.

2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. ఇప్పుడు 21 రకాలు. ఆటిజం, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది, తలసీమియా, సికిల్ సెల్ లాంటివి కూడా చేరాయి. ఈ చట్టంలో రెండు మాటలున్నాయి. ఒకటి, వైకల్యం ఉన్న వ్యక్తి. చాలాకాలం ఉండే లోపం వల్ల నలుగురితో సమానంగా మెలగడానికి అడ్డంకి వస్తే చాలు, ఇక్కడ శాతం లేదు. రెండోది, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న వ్యక్తి. ఇక్కడ సర్టిఫికెట్ కావాలి.

చట్టంలో 16వ సెక్షన్ మొదటి మాట గురించి. ప్రభుత్వం డబ్బిచ్చే బడి అయినా, గుర్తింపు ఇచ్చిన బడి అయినా వైకల్యం ఉన్న పిల్లల్ని తేడా చూపకుండా చేర్చుకోవాలి. వాళ్ళకి కావలసిన సర్దుబాట్లు చేయాలి. చదవడంలో ఇబ్బంది ఉంటే తొందరగా గుర్తించాలి. ఇందులో 40 అనే అంకె ఎక్కడా లేదు. 31వ సెక్షన్ రెండో మాట గురించి. 40 శాతం దాటిన పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గర్లో ఉన్న బడిలో గానీ, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. మామూలు పిల్లలకి విద్యాహక్కు చట్టం 14 ఏళ్ళ వరకే చెబుతుంది. వీళ్ళకి ఇంకో నాలుగేళ్ళు ఎక్కువ. అంటే శాతం ఎక్కువున్న పిల్లల్ని బడి మాన్పించమని కాదు, వాళ్ళకి బడి ఇంకా ఎక్కువ కాలం ఇవ్వమని చట్టం చెబుతోంది. మా అక్క అనుకున్నదానికి సరిగ్గా ఎదురు.

బొత్తిగా కదలలేని పిల్లల సంగతేంటి అంటారు. విద్యాహక్కు చట్టానికి 2012లో సవరణ చేశారు. తీవ్రమైన వైకల్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు పెట్టారు. భవిత టీచర్లు ఇంటికి వచ్చి చెప్పేది దీని కిందే. ఇంటి చదువు అంటే అ ఆలు ఒక్కటే కాదు. చెంచా పట్టుకోవడం, చొక్కా బొత్తాం పెట్టుకోవడం, దాహం వేస్తే చెప్పడం కూడా చదువే.

మరి 33 శాతం ఎలా వచ్చిందని నాకు చాలా రోజులు అనుమానం. రెండు చెవులకీ లోపం ఉంటే ఇంత తక్కువేంటని. లెక్క ఇలా ఉంటుంది. బాగా వినపడే చెవి శాతాన్ని ఐదుతో హెచ్చవేసి, తక్కువ వినపడే చెవి శాతం దానికి కలిపి, మొత్తాన్ని ఆరుతో భాగిస్తారు. మన వడ్డీ లెక్కలకంటే తేలికే. ఈ లెక్కన ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగుంటే 17 శాతం దగ్గర ఆగిపోతుంది. డాక్టరు తప్పు రాశారని కాదు. ఆ లెక్క దేనికో దానికే పనికొస్తుంది. 50 మంది పిల్లలు గోల చేస్తున్న గదిలో, వెనక బెంచీలో, మా పాపకి పాఠం ఎంత వినపడుతుందో ఆ లెక్కలో లేదు.

ఇంకో ఉదాహరణ. కొంతమంది పిల్లలు నోటితో అన్నీ చక్కగా చెబుతారు, రాయమంటే రాయలేరు, అక్షరాలు తిరగబడతాయి. దీనికి 8 ఏళ్ళు నిండితేనే సర్టిఫికెట్ ఇస్తారు. మరి ఆరేళ్ళ పిల్లాడికి రెండేళ్ళపాటు మొద్దు అనే పేరు పెట్టి కూర్చోబెడదామా? సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. బడిలో సాయం ముందే మొదలుపెట్టాలి.

సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. చెయ్యి బిగుసుకుపోయే జబ్బు వల్ల రాయలేని ఒక అభ్యర్థి సివిల్ సర్వీసు పరీక్షకి రాసిపెట్టే మనిషిని అడిగాడు. 40 శాతం లేదని కుదరదన్నారు. 2021 ఫిబ్రవరి 11న కోర్టు తీర్పు ఇచ్చింది. 40 శాతం అనేది చట్టంలో కొన్ని ప్రత్యేక లాభాలకు పెట్టిన గీత, అవసరమైన సర్దుబాటు అడగడానికి ఆ గీత అడ్డు కాదని చెప్పింది. అంత పెద్ద పరీక్షకే ఆ మాట వర్తిస్తే, రెండో తరగతి పిల్లకి ముందు బెంచీ ఇవ్వడానికి శాతం అడగడం ఏం న్యాయం?

అయితే సర్టిఫికెట్ వద్దని నేను అనడం లేదు. అది తప్పకుండా తీసుకోవాలి. పింఛనుకి, యూడీఐడీ కార్డుకి, బస్సు రాయితీకి అదే ఆధారం. ఉచితంగా ఇచ్చే పరికరాల దగ్గర, అలవెన్సుల దగ్గర కూడా సాధారణంగా అడుగుతారు. 40 దాటిన పిల్లలకి ట్రైసైకిల్, వీల్‌చైర్, చెవి మిషన్ లాంటివి కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్కో ద్వారా క్యాంపుల్లో ఇస్తారు. ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకి సమగ్ర శిక్షలో నెలకి 200 చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంది. కేంద్రానికి రాను పోను ఖర్చుకి, తోడు వచ్చే మనిషికి కూడా అలవెన్సులు ఉన్నాయి. ఇవన్నీ అడిగి తీసుకోండి. కానీ క్యాంపులో తక్కువ శాతం వచ్చిందని మాత్రం కాగితం బియ్యం డబ్బా మీద పెట్టకండి.

ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలో వరసగా చెబుతాను. వీలైతే రాసుకోండి.

మొదటిది ఇల్లు. ఏడాది పిల్ల శబ్దం వచ్చిన వైపు తిరగకపోయినా, ఏడాదిన్నర దాటినా నడవకపోయినా, రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనకపోయినా, పిలిస్తే ముఖం వంక చూడకపోయినా, పెద్దయ్యాక వస్తుందిలే అనుకోవద్దు. ముందు నుంచి కాదు, వెనక నుంచి మెల్లగా పిలిచి చూడండి. నేను చేయని పని అదే.

రెండోది అంగన్‌వాడీ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లల్ని ఏడాదికి ఒకసారి చూడాలి. పుట్టిన దగ్గర నుంచి 18 ఏళ్ళ వరకు ఇది వర్తిస్తుంది. ఆ రోజు పిల్లని పొలం తీసుకుపోవద్దు. బృందం వచ్చే తేదీ ముందే కనుక్కోండి. పుట్టుకతో బొత్తిగా వినపడని పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది. అది ఎంత చిన్న వయసులో చేస్తే అంత మాట వస్తుంది. అక్కడ ఒక్కో ఏడాదీ ఖరీదైనదే.

మూడోది బడి. హెడ్మాస్టారుకి ఒక తెల్లకాగితం మీద అర్జీ రాయండి. మా పిల్లకి ఈ ఇబ్బంది ఉంది, భవిత టీచరుతో పరీక్ష చేయించి కావలసిన సాయం ఏర్పాటు చేయండి అని. కింద తేదీ వేయండి. ఇంకో కాపీ మీద సంతకం చేయించుకుని దగ్గర పెట్టుకోండి. నోటితో చెప్పింది గాలికి పోతుంది. మన తీర్మానాల పుస్తకం మనకి నేర్పింది అదే కదా.

నాలుగోది భవిత కేంద్రం. అక్కడ పిల్లని చూసి, ఏం వచ్చు, ఏం రాదు, దేనితో మొదలుపెట్టాలి అని పిల్లకి తగ్గట్టు ఒక ప్రణాళిక రాస్తారు. అవసరాన్ని బట్టి ఫిజియోథెరపీ, మాట నేర్పడం ఉంటాయి. ఆ ప్రణాళిక తల్లి కూడా అడిగి చదవాలి. చదవడం రాకపోతే చదివించుకోవాలి.

ఐదోది సదరం. ఇది పక్కనే నడవాలి. ఇది వచ్చాకే మిగతావి అని ఆగొద్దు.

మా పాప విషయంలో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. టీచరమ్మ బడికొచ్చి ముందు బెంచీలో, కిటికీ పక్కన కాకుండా టీచరు ముఖం కనపడేలా కూర్చోబెట్టించింది. బోర్డు వైపు తిరిగినప్పుడు మాట ఆపి, ఇటు తిరిగాక చెప్పమంది. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. చెవి మిషన్‌కి మాత్రం డబ్బు కావాలి. 33 శాతానికి ఉచితంగా రాలేదు. మా సంఘంలో అంతర్గత అప్పు అడిగాను. ఒకామె, "గేదెకి ఇస్తే పాలొస్తాయి, దీనికిస్తే ఏమొస్తుంది?" అంది. మిగతావాళ్ళు ఆమెని కోప్పడబోతే నేనే ఆపాను. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే, అప్పు తిరిగి రావాలి కదా. పత్తి తీత కూలి డబ్బుల్లో నెలనెలా కడతానని సంతకం పెట్టాను. ఒక్క వాయిదా కూడా తప్పలేదు.

మిషన్ పెట్టిన మొదటి రోజు పాప గోలకి భయపడి తీసి పారేసింది. అలవాటు కావడానికి నెలలు పట్టింది. ఇప్పుడు అయిదో తరగతి. లెక్కల్లో బాగుంది. తెలుగులో ఇంకా వెనకబడే ఉంది. రెండేళ్ళు పోయాయి కదా, అవి తిరిగి రావు. ఈ మధ్య ఒక రాత్రి కరెంటు పోయింది. మిషన్ చెవిలోనే ఉంది. చీకట్లో, "నిద్రపోయావా?" అని మెల్లగా అడిగాను. "లేదమ్మా" అంది. ఆ రెండు మాటలకీ నాకు కన్నీళ్ళొచ్చాయి.

మా అక్క కొడుక్కి పధ్నాలుగో ఏట చదువు మొదలైంది. టీచరు ఇంటికి వస్తోంది. తన పేరు ఉన్న పలక చూపిస్తే ఇప్పుడు వేలు పెట్టి చూపిస్తాడు. ఆరో ఏట మొదలుపెడితే ఎక్కడ ఉండేవాడో అని అక్క అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత మా గ్రామ సమాఖ్య మీటింగులో ప్రతి సంఘాన్నీ అడిగాం, మీ ఇళ్ళల్లో ఇలాంటి పిల్లలున్నారా అని. ఒక చేతి వేళ్ళు చాలేమో అనుకున్నాం, చాలలేదు. కొందరు తల్లులు మీటింగులో చెప్పలేదు, రాత్రి ఇంటికొచ్చి చెప్పారు. పెళ్ళిళ్ళు కావని, నలుగురూ అంటారని దాచారు. దాచిన పిల్ల ఏ లిస్టులోనూ ఉండదు. లిస్టులో లేని పిల్ల కోసం టీచరు రాదు.

అందుకని మండల సమాఖ్యకి మా ఊరి తరఫున నాలుగు కోరికలు పెడుతున్నాను. ఒకటి, ప్రతి జూన్ నెల మీటింగులో పొదుపు రాసే ముందు ఈ పిల్లల ప్రశ్న అడగాలి, పేర్లు భవిత కేంద్రానికి ఇవ్వాలి. రెండు, చెవి మిషన్‌కి, వైద్యానికి, క్యాంపుల ఖర్చుకి అంతర్గత అప్పులో మొదటి వరస ఇవ్వాలి. మూడు, క్యాంపుకి ఏ తల్లీ ఒంటరిగా వెళ్ళకూడదు, సంఘం నుంచి చదువు వచ్చిన ఒకరు తోడు వెళ్ళాలి. ఏమీ రాదు అని ఎవరైనా అంటే, ఏది రాదు, ఏది వస్తుంది అని అడిగే మనిషి పక్కన ఉండాలి. నాలుగు, ప్రత్యేక టీచర్ల గురించి అధికారులకి తీర్మానం పంపాలి. 2022 సెప్టెంబరులో విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, అయిదో తరగతి వరకు ఇలాంటి పిల్లలు ప్రతి 10 మందికి ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ప్రత్యేక టీచరు ఉండాలని పెట్టారు. మన బడుల్లో ఎంతమంది పిల్లలున్నారో మన లిస్టే చెబుతుంది. లిస్టు ఉంటేనే టీచర్ని అడగగలం.

పొదుపు మొదలుపెట్టినప్పుడు, కూలి చేసుకునే ఆడవాళ్ళకి బ్యాంకు అప్పు ఇస్తుందా అని నవ్వారు. అర్హత ఉందో లేదో వాళ్ళే తేలుస్తారని మనం ఊరుకోలేదు, అడిగాం, పుస్తకాలు చూపించాం, తెచ్చుకున్నాం. పిల్లల చదువుకి కూడా అలాగే అడుగుదాం.

ఈ రాత్రి ఇంటికెళ్ళాక మీ పిల్లల్ని వెనక నుంచి ఒకసారి మెల్లగా పిలవండి. పలికితే సంతోషం. పలకకపోతే కోప్పడకండి. పొద్దున్నే అర్జీ రాయండి.